ఉత్తుత్తి ఆటలలో పసిమనసు

"నువ్వు అమ్మవంట, నేను పాపనంట, నాకు జ్వరం వచ్చిందంట." మూడు, నాలుగేళ్ళ పిల్లలు ఇద్దరు చేరిన ఏ వసారాలోనైనా ఇటువంటి మాటలు మీకు వినబడి ఉంటాయి. పెద్దల వాడుకలో 'అట', 'అంట' అన్నవి ఇతరులు చెప్పగా విన్న సంగతిని తెలియజేస్తాయి. ఆ సంగతికి తాము పూచీ కాదన్న సూచన కూడా అందులో ఉంటుంది. పిల్లలు ఆ చిన్న ముక్కను ఎవరూ నేర్పకుండానే వేరొక పనికి వాడుకుంటారు. ఇది నిజం కాదు, మనమిద్దరం కూడబలుక్కొని నిజమనుకొంటున్నది మాత్రమే, అని వారి భాషలో దానికి అర్థం. పెద్దలెవరైనా ఆ ఆటను మరీ నిజమనుకొని కంగారు పడితే, "ఉత్తుత్తికే తాతయ్యా" అని మనకే ధైర్యం చెబుతారు.

నేను 36 సంవత్సరాలు చిన్నపిల్లల వైద్యుడిగా పనిచేశాను. టీకాలు, అతిసారాలు, ఉబ్బసం, పోషకాహార లోపం, వీటిని గురించి ఇంతకు ముందు చాలా వ్రాశాను. ఈ సారి ఆటను గురించి వ్రాయడం కొందరికి వింతగా తోచవచ్చును. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లల మానసికారోగ్యాన్ని గురించి నాకు తెలిసినదానిలో చాలా భాగం వారి ఉత్తుత్తి ఆటలను చూసి తెలుసుకొన్నదే. ఆ వయసు బిడ్డను "నీకు దిగులుగా ఉన్నదా?" అని అడిగితే సమాధానం రాదు. ఆ బిడ్డ చేతికి రెండు ఖాళీ మందుపెట్టెలు, ఒక గుడ్డ బొమ్మ ఇచ్చి ప్రక్కన కూర్చుంటే, చెప్పవలసినదంతా చెబుతుంది.

ఈ ఆట ఎప్పుడు మొదలవుతుందో ముందు చూద్దాము. సంవత్సరం దాటిన కొద్ది నెలలకే బిడ్డ ఖాళీ గ్లాసును నోటికి ఆనించుకొని త్రాగినట్లు నటించి, మన ముఖం చూసి నవ్వుతుంది. ఏడాదిన్నర, రెండేళ్ళ మధ్య ఆ గ్లాసు బొమ్మ నోటికి చేరుతుంది. అంటే త్రాగేది తాను కాదు, మరొకరు. రెండేళ్ళు దాటాక ఒక వస్తువు వేరొక వస్తువుగా మారుతుంది. చీపురుపుల్ల సూది అవుతుంది, అరటిపండు ఫోను అవుతుంది, ఇసుక అన్నమవుతుంది. మూడు, నాలుగేళ్ళకు పాత్రలు వస్తాయి: అమ్మ, నాన్న, టీచరు, డాక్టరు, బస్సు కండక్టరు. నాలుగు, అయిదేళ్ళకు కథ వస్తుంది. ముందే అనుకొని, పాత్రలు పంచుకొని, నిన్న ఆపిన చోటు నుంచి ఈ రోజు మొదలుపెడతారు. పిల్లలందరూ ఒకే నెలలో ఈ మెట్లు ఎక్కరు. కనుక ప్రక్కింటి పాపతో పోల్చి బాధపడవద్దు.

మన పూర్వులు ఈ ఆటలకు పేర్లు పెట్టి గౌరవించారు. గుజ్జనగూళ్ళు, బొమ్మల పెండ్లిళ్ళు పోతన భాగవతంలో రుక్మిణి బాల్యక్రీడలుగా కనిపిస్తాయి. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసి లక్కరంగులు అద్దిన లక్కపిడతలు, అంటే బొటనవ్రేలంత కుండలు, చట్లు, తిరగలి, పొయ్యి, ఒకప్పుడు మా ప్రాంతంలో ఆడపిల్ల ఉన్న ప్రతి ఇంటా ఉండేవి. ఇప్పుడు వాటిని గాజు బీరువాలో అలంకారానికి పెడుతున్నారు. వాటిని చేసినది ఆడుకోవడానికి.

ఇక ఈ ఆట వలన మనసుకు జరిగేది ఏమిటి? రష్యన్ మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ తన రచనలో ఒక చక్కని ఉదాహరణ ప్రస్తావించాడు. అయిదేళ్ళ పిల్ల, ఏడేళ్ళ పిల్ల, ఇద్దరూ నిజంగానే అక్కాచెల్లెళ్ళు. వారు ఒక రోజు అక్కాచెల్లెళ్ళ ఆట ఆడుకొన్నారు. రోజూ ఉన్నదే కదా, ఇందులో ఆట ఏమున్నది అని మీకు అనిపించవచ్చును. మామూలు వేళ అక్క అక్కలాగా ఉండాలని ఆలోచించదు, ఉంటుంది, అంతే. ఆటలో మాత్రం అక్క అంటే ఎలా ఉండాలి, చెల్లెలి చేయి ఎలా పట్టుకోవాలి, ఎలా మాట్లాడాలి, అని ఆలోచించి మరీ చేస్తుంది. బంధంలో దాగి ఉన్న నియమం ఆటలో పైకి తేలుతుంది. స్వేచ్ఛగా, విచ్చలవిడిగా కనిపించే ఈ ఆటలో నిజానికి కట్టుబాట్లు ఎక్కువ. డాక్టరు పాత్ర వేసిన పిల్లవాడు మధ్యలో ఏడవకూడదు. పాపగా పడుకొన్న పిల్ల లేచి పరుగెత్తకూడదు. ఎవరైనా నియమం తప్పితే మిగిలినవారు ఊరుకోరు: "పాపలు అలా మాట్లాడరు!"

ఈ కట్టుబాటుకు తలవంచడంలోనే నిగ్రహం అలవడుతుంది. 1940లలో సోవియట్ పరిశోధకురాలు మనూయిలెంకో చేసిన ప్రయోగం ప్రసిద్ధమైనది. చిన్నపిల్లలను ఊరికే కదలకుండా నిలబడమంటే కొద్దిసేపు కూడా నిలువలేకపోయారు. ఆటలో కాపలా సైనికుడి పాత్ర ఇచ్చి నిలబడమంటే అంతకంటె చాలాసేపు నిలబడ్డారు. మీ ఇంట్లో ఈ ప్రయోగం మీరే చేసి చూడవచ్చును. "కదలకుండా కూర్చో" అన్న మాట కంటె "నువ్వు బస్సు డ్రైవరువంట, డ్రైవరు సీటులోంచి లేవడంట" అన్న మాటకు బిడ్డ ఎక్కువ సేపు కట్టుబడుతుంది. భోజనం పెట్టేటప్పుడు ఇది బాగా పనికివస్తుంది.

రెండవది, ఇతరుల మనసును గ్రహించడం. 1983లో విమ్మర్, పెర్నర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పిల్లలకు ఒక చిన్న కథ చెప్పారు. ఒక బాలుడు చాక్లెట్టును ఒక అలమరలో దాచి బయటకు వెళతాడు. అతడు లేనప్పుడు తల్లి దానిని వేరొక అలమరలోకి మారుస్తుంది. తిరిగి వచ్చి అతడు ఎక్కడ వెదకుతాడు? మూడేళ్ళ పిల్లలు తమకు తెలిసినది అందరికీ తెలుసుననుకొని, చాక్లెట్టు ఇప్పుడు ఉన్న చోటును చూపుతారు. నాలుగు, అయిదేళ్ళ మధ్య ఎక్కువ మందికి, ఆ బాలుడికి ఆ సంగతి తెలియదు కదా అన్న ఎరుక కలుగుతుంది. ఉత్తుత్తి ఆట సరిగ్గా ఈ సంవత్సరాలలోనే వికసిస్తుంది. ఇసుక ఇసుకేనని తెలిసీ, ఎదుటివాడు దానిని అన్నమనుకొంటున్నాడని గుర్తుంచుకొని, తాను కూడా "ఉప్పు తక్కువైంది" అనడం సామాన్యమైన విషయం కాదు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పవలసి ఉన్నది. ఉత్తుత్తి ఆట వలన తెలివి పెరుగుతుందని, సృజనశక్తి పెరుగుతుందని, చదువు వస్తుందని ప్రకటనలలో చదివి మీరు ఖరీదైన ఆటవస్తువులు కొని ఉండవచ్చును. 2013లో లిల్లార్డ్, ఆమె సహచరులు అంతవరకు వచ్చిన పరిశోధనలనన్నిటినీ పరిశీలించి, అంత గట్టిగా చెప్పడానికి ఆధారాలు చాలవని తేల్చారు. చక్కగా ఆడుకొనే పిల్లలు ఇతరులతో చక్కగా మెలగుతారన్నది నిజమే అయినా, ఆట వలననే అలా మెలగుతున్నారా, లేక రెండింటికీ మూలం మరొకటి ఉన్నదా అన్నది ఇంకా తేలలేదు. నాకు ఆ నిర్ణయం సమంజసంగానే తోచింది. నేను ఈ ఆటను సమర్థించేది మార్కుల కోసం కాదు. భయాన్ని, దుఃఖాన్ని, అసూయను మాటలలో పెట్టలేని వయసులో వాటిని చేతులతో పట్టుకొని అటూ ఇటూ త్రిప్పి చూసుకొనే వెసులుబాటు బిడ్డకు మరెక్కడా లేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. రోజుల తరబడి విద్యుత్తు లేదు, నీరు లేదు. మేముంటున్న భవనం సెల్లారులో నాలుగు నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలు అయిదుగురు ప్రతి సాయంత్రం ఒకే ఆట ఆడేవారు. అట్టపెట్టెలతో ఇల్లు కట్టేవారు. ఒక పిల్లవాడు "నేను గాలినంట" అని చేతులు చాపి గిరగిర తిరుగుతూ వచ్చి దానిని పడగొట్టేవాడు. అందరూ కెవ్వున అరిచి ఒక మూల నక్కేవారు. తరువాత ఒక పిల్ల ప్లాస్టిక్ స్టూలును ఈడ్చుకొంటూ "నీళ్ళ ట్యాంకరొచ్చింది, బిందెలు తెచ్చుకోండి" అని కేక వేసేది. వరుసలో నిలబడడం, వరుస తప్పినవారితో తగువు, అన్నీ ఉండేవి. చూసిన తల్లులు కొందరు, ఆ పీడకల ఇంకా ఎందుకు, వేరే ఆట ఆడుకోండి అని కసిరారు. ఆడనివ్వమని నేను వారికి నచ్చజెప్పాను. కార్తీకమాసం నడిచే నాటికి ఆట మారింది. గాలి వచ్చినా ఇల్లు కూలడం మానేసింది. "తలుపు గట్టిగా వేశామంట, గాలి లోపలికి రాలేదంట." మరి కొన్నాళ్ళకు గాలి పాత్రకు ఎవరూ ముందుకు రాలేదు. ఆ అట్టపెట్టెలు కిరాణా దుకాణమయ్యాయి.

ఆట మారడమే ఇక్కడ గమనించవలసినది. 1976లో అమెరికాలోని కాలిఫోర్నియాలో చౌచిల్లా అనే ఊరి నుంచి 26 మంది పిల్లలున్న పాఠశాల బస్సును దుండగులు అపహరించి, ఆ పిల్లలను భూగర్భంలో బంధించారు. పిల్లలందరూ ప్రాణాలతో బయటపడ్డారు. లెనోర్ టెర్ అనే మానసిక వైద్యురాలు ఆ తరువాత వారిని పరిశీలించి, కొందరి ఆటలో ఆనందం లేదని, ఒకే ఘట్టాన్ని మార్పు లేకుండా మరల మరల ఆడుతున్నారని, ఆడిన తరువాత భయం తగ్గకపోగా పెరుగుతున్నదని గుర్తించింది. కనుక బిడ్డ తుఫానునో, చావునో, ప్రమాదాన్నో ఆడుతున్నదని కంగారు పడనక్కరలేదు. కథ కొద్ది కొద్దిగా మారుతున్నదా, మధ్యలో నవ్వు వినబడుతున్నదా, పిలిస్తే ఆట వదలి అన్నానికి వస్తున్నదా అని చూడండి. వారాలు గడిచినా అదే దృశ్యం, బిగుసుకొన్న ముఖం, నిద్రలో ఉలికిపాటు ఉంటే అప్పుడు మానసిక వైద్యుని సలహా తీసుకోండి.

చావు ఆట మన ఇళ్ళలో పెద్ద అపశకునం. తాతగారు పోయిన ఇంట్లో నాలుగేళ్ళ మనుమడు దిండును పడుకోబెట్టి, తెల్లగుడ్డ కప్పి, పువ్వులు వేస్తే, ఇంట్లోని పెద్ద ముత్తయిదువలు "ఛీ, అవేం ఆటలు" అని ఆ దిండు లాక్కొంటారు. వారి బాధ నాకు అర్థమవుతుంది. దుఃఖం పచ్చిగా ఉన్న ఇంట్లో ఆ దృశ్యం చూడడం కష్టమే. అయినా ఆ బిడ్డ స్థితిని కూడా ఆలోచించండి. తనను రోజూ చంకనెత్తుకొన్న మనిషిని పదిమంది చేరి ఎక్కడికో మోసుకొనిపోయారు. ఎవరూ ఏమీ చెప్పలేదు. "తాతయ్య ఊరెళ్ళాడు" అన్నారు గాని, ఊరు వెళ్ళినవాడు తిరిగి రావాలి కదా. అర్థం కాని ఆ సంగతిని అర్థం చేసుకోవడానికి అతనికి దొరికినది ఒక దిండు. సిగ్మండ్ ఫ్రాయిడ్ తన ఏడాదిన్నర మనుమడు దారం కట్టిన చెక్క ఉండను మంచం అంచు మీదుగా విసరి, మరల లాక్కొంటూ ఆడిన ఆటను 1920లో వ్రాసిన గ్రంథంలో వర్ణించాడు. తల్లి వెళ్ళిపోవడం తన చేతిలో లేదు. ఉండ వెళ్ళడం, రావడం తన చేతిలో ఉన్నాయి. ఫ్రాయిడ్ చెప్పినవాటిలో చాలా వాటితో నేను ఏకీభవించను గాని, ఇది మాత్రం ప్రతి తల్లీ తన ఇంట్లో చూడగలిగిన విషయం. దిండు లాక్కోవడానికి బదులు ప్రక్కన కూర్చొని, "తాతయ్య గుర్తొస్తున్నాడా నాన్నా? నాకూ గుర్తొస్తున్నాడు" అనండి. చాలును.

ఇంతకంటె బరువైన సంగతి ఒకటి చెబుతాను. నేను ఒక ప్రభుత్వాసుపత్రిలో ఉన్న రోజులలో నాలుగేళ్ళ పాపను తరచు వచ్చే కడుపునొప్పికి తీసుకొని వచ్చేవారు. మల పరీక్ష, మూత్ర పరీక్ష, స్కానింగు, అన్నీ సవ్యంగా ఉన్నాయి. ఒక రోజు వసారాలో తన వంతు కోసం వేచి ఉన్న ఆ పాప మరొక పిల్లతో ఆడుతున్నది. "నువ్వు అమ్మవంట. నేను నాన్ననంట." తరువాత తూలుతూ నడిచి వచ్చి, "అన్నమేదే?" అని గద్దించి, అన్నం గిన్నె అనుకొన్న మందుపెట్టెను కాలితో తన్నింది. ఎదుటి పిల్లకు ఏమి చేయాలో తెలియలేదు. "నువ్వు మూలకెళ్ళి ఏడవాలి" అని పాపే నేర్పింది. అంతలో తల్లి చూసి, వీపున రెండు చరిచి, "ఇంటి పరువు తీస్తావా" అన్నది. పాప ఏడవలేదు. పెట్టెను తీసి సర్ది పెట్టింది.

తల్లిని లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. పాపను కొట్టవద్దని, అది పరువు తీయడం కాదని, తనకు బరువైనదానిని దించుకొంటున్నదని చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నొప్పి ఎప్పుడూ సాయంత్రం చీకటి పడే వేళకే వస్తుందని, అమ్మమ్మగారింట రాదని తానే చెప్పింది. తండ్రి మానసిక వైద్య విభాగానికి రెండుసార్లు వచ్చాడు, మూడవసారి రాలేదు. తల్లి కూతురిని తీసుకొని కొన్ని నెలలు పుట్టింట ఉన్నది. అక్కడ నొప్పి రాలేదని, బడిలో చేరిందని తరువాత వచ్చినప్పుడు చెప్పింది. ఆ పాప ఆట నేను కంటబడి చూడకపోతే మరి రెండు స్కానింగులు వ్రాసి ఉండేవారము.

దీనిని చదివి మీ బిడ్డ ఆడే ప్రతి ఆటలోను రహస్యాలు వెదకవద్దు. దొంగ వేషం వేసిన పిల్లవాడు దొంగ కాడు. రాక్షసుడై అరిచే పిల్ల కోపిష్ఠి కాదు. సినిమాలో చూసినది, ప్రక్కింట విన్నది, ఊహించినది, అన్నీ కలిసి ఆటలోకి వస్తాయి. ఆటను ఆపి "నాన్న నిజంగా ఇలా చేశాడా? ఎప్పుడు చేశాడు?" అని ఆరా తీస్తే ఆట అక్కడితో ముగుస్తుంది, మరల మీ ఎదుట ఆడరు.

పెద్దలు చేయవలసినది చాలా తక్కువ, అదే కష్టం. పాప ఖాళీ కప్పు తెచ్చి "కాఫీ తాగు" అంటుంది. "ఇందులో ఏమీ లేదే?" అనే తండ్రులున్నారు. అంతకంటె ఎక్కువ మంది, "ఈ కప్పు ఏ రంగు? ఎన్ని కప్పులున్నాయి? లెక్కపెట్టు" అని పాఠం మొదలుపెడతారు. నా దృష్టిలో ఈ ఆటకు ఫోను కంటె పెద్ద శత్రువు ఈ పాఠమే. ఫోను ఆటను ప్రక్కకు నెడుతుంది, పాఠం ఆట లోపలికి వచ్చి కూర్చొంటుంది. కప్పు అందుకొని, ఒక గుటక వేసి, "పంచదార తక్కువైందమ్మా" అనండి. పాప వెంటనే వంటింటికి పరుగెత్తుతుంది. కథ ముందుకు సాగింది. మీకు ఇచ్చిన పాత్ర చిన్నదైతే చిన్నదిగానే వేయండి. రోగిగా పడుకోమంటే పడుకోండి. ఏ రోగమో డాక్టరునే చెప్పనివ్వండి.

ఇద్దరు పిల్లలకూ డాక్టరు వేషమే కావాలంటే తగువు వస్తుంది. రానివ్వండి. దెబ్బలాట కానంతవరకు తీర్పు చెప్పవద్దు. ఆట ఆగిపోతే ఇద్దరికీ నష్టమే కనుక, పాత్రలు మార్చుకోవడమో, వంతులు వేసుకోవడమో వారే కనిపెడతారు. సర్దుకుపోవడమన్నది నేను చూసినంతలో ఈ ఆట దగ్గర నేర్చినంతగా మరెక్కడా నేర్వరు. ఎంతకూ తెగకపోతే "ఆ ఆసుపత్రిలో ఇద్దరు డాక్టర్లు ఉండకూడదా?" అని ఒక్క మాట అని తప్పుకోండి.

మగపిల్లవాడు బొమ్మను జోలలో వేసి ఊపుతున్నాడని, వంట ఆట ఆడుతున్నాడని దిగులుతో నా దగ్గరకు వచ్చిన తండ్రులున్నారు. మీ బిడ్డ ఒక పసిబిడ్డను ఏడవకుండా చూసుకోవడం నేర్చుకొంటున్నాడు, అందులో చికిత్స చేయవలసినది ఏమీ లేదు అని పంపేవాడిని.

"అల్లరి చేస్తే డాక్టరు సూది వేస్తాడు" అని బెదిరించే అలవాటు మన ఇళ్ళలో ఉన్నది. వైద్యుడిగా దీనిపై నాకు చిరకాలపు మనస్తాపం. ఆ మాటకు విరుగుడుగా నా బల్ల మీద ఒక గుడ్డ బొమ్మను, సూది తీసివేసిన సిరంజిని, పాత స్టెతస్కోపును ఉంచేవాడిని. అయిదేళ్ళ టీకాకు వచ్చిన పిల్లలు ముందు బొమ్మకు తామే సూది వేసేవారు. కొందరు చాలా కఠినంగా వేసేవారు, కొందరు ముందు దూదితో తుడిచి "నొప్పెయ్యదులే, చీమ కుట్టినట్టుంటది" అని బొమ్మను ఓదార్చేవారు. తమ వంతు వచ్చాక ఏడ్వరని కాదు. ఏడ్చినా చేయి ఇచ్చేవారు. యూరపులో వైద్యవిద్యార్థులు 'టెడ్డీ బేర్ ఆసుపత్రి' పేరుతో ఇదే పని చేస్తున్నారు. పిల్లలు తమ బొమ్మలను రోగులుగా తెచ్చి పరీక్ష చేయిస్తారు. మీ బిడ్డకు శస్త్రచికిత్స కాని, ఆసుపత్రిలో చేరిక కాని ఉంటే, రెండు, మూడు రోజుల ముందుగా ఇంట్లో ఈ ఆట ఆడించండి. నొప్పి ఉండదని అబద్ధం మాత్రం బొమ్మకు కూడా చెప్పవద్దు.

కనబడని స్నేహితుల సంగతి. ఒక తల్లి నాలుగేళ్ళ కొడుకుకు తాయెత్తు కట్టించి మరీ తీసుకొని వచ్చింది. పిల్లవాడు "చిట్టి"తో మాట్లాడతాడు, చిట్టికి కూడా కంచం పెట్టమంటాడు, చిట్టి ఎవరికీ కనబడదు. దయ్యమని అత్తగారు, మతిభ్రమ అని ఆమె భయపడ్డారు. నేను పిల్లవాడినే అడిగాను. "చిట్టి ఉత్తుత్తిదండీ" అని, ఈ మాత్రం తెలియదా అన్నట్లు నా వంక చూశాడు. ఆ వయసులో ఇటువంటి స్నేహితులు చాలా మంది పిల్లలకు ఉంటారు. అది రోగం కాదు. కంచం పెట్టినా తప్పు లేదు. గ్లాసు పగులగొట్టినది చిట్టి అంటే మాత్రం, "చిట్టికి నువ్వు సాయం చేసి ఇద్దరూ తుడవండి" అనండి.

పాఠశాలల విషయం చెప్పకుండా ముగించలేను. మా బంధువుల పాపను చేర్చిన ఒక పేరున్న పాఠశాలలో బొమ్మల వంటిల్లు, చిన్న ఆసుపత్రి, వేషాల పెట్టె, అన్నీ ఉన్నాయి. అన్నీ తాళం వేసిన అద్దాల బీరువాలో ఉన్నాయి. చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రులకు చూపిస్తారు. మూడున్నరేళ్ళ పిల్లలు 1 నుంచి 50 వరకు గీతల పుస్తకంలో వ్రాస్తున్నారు. 2022లో వెలువడిన జాతీయ పునాది స్థాయి పాఠ్యప్రణాళిక ఆటనే బోధనకు ఆధారం చేసింది. 2023లో కేంద్ర విద్యాశాఖ బొమ్మలు, తోలుబొమ్మలు, కథలతో 'జాదూయీ పిటారా' అనే పెట్టెను కూడా విడుదల చేసింది. ఉత్తర్వులకు లోటు లేదు. పాఠశాలను ఎన్నుకొనేటప్పుడు మీరు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ బీరువా తాళం రోజుకు ఎంతసేపు తీస్తారు? ఆ మాటకు వస్తే, బొమ్మలు లేని అంగన్‌వాడీలో ఖాళీ డబ్బాలతో బస్సు ఆట ఆడించిన ఆయాలను నేను చూశాను.

ఇంట్లో కావలసిన సరంజామా కూడా అంతే. పాత చీర, అట్టపెట్టెలు, మూతలు, గరిటెలు, పాత చేతిసంచి, పనిచేయని ఫోను. మూడేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో గొంతుకు అడ్డుపడే చిన్న వస్తువులు వద్దు. ఆ మాట లక్కపిడతలకూ వర్తిస్తుంది. గుండీ బ్యాటరీలున్న బొమ్మలను మరీ జాగ్రత్తగా చూడండి, అవి మింగితే కొద్ది గంటలలోనే అన్నవాహికను కాలుస్తాయి. తెర సంగతి: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 సూచనల ప్రకారం ఏడాది లోపు బిడ్డలకు అసలే వద్దు, ఏడాది నిండిన వారికి కూడా మంచిది కాదు, రెండు నుంచి నాలుగేళ్ళ వారికి రోజుకు గంటకు మించరాదు. ఫోను తీసివేసిన వెంటనే ఆట మొదలు కాదు. ముందు విసుగు వస్తుంది, ఏడుపు వస్తుంది. ఆ అరగంట మీరు ఓర్చుకోగలిగితే అట్టపెట్టె దగ్గరకు వెళతారు.

ఇక ఏ బిడ్డ విషయంలో వైద్యుని చూడాలి? రెండున్నరేళ్ళు వచ్చినా ఉత్తుత్తిగా తినిపించడం, ఫోను మాట్లాడడం వంటివి ఏవీ చేయకుండా, దానితో పాటు పేరు పెట్టి పిలిస్తే పలకకపోవడం, కావలసినదానిని వ్రేలితో చూపకపోవడం, కళ్ళలోకి చూడకపోవడం, బొమ్మ కారును నడపకుండా దాని చక్రాన్నే అదే పనిగా త్రిప్పుతూ ఉండడం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయవద్దు. ఆటిజం అనుమానమున్న పసివారికి 16 నుంచి 30 నెలల మధ్య వాడే ఎం-చాట్ ప్రశ్నావళిలో ఉత్తుత్తి ఆటను గురించి కూడా ఒక ప్రశ్న ఉన్నది. ఒక్క ఆట లేకపోవడం వలననే రోగనిర్ణయం చేయరు. "మగపిల్లలకు మాటలు ఆలస్యమే, వాళ్ళ నాన్న కూడా అంతే" అన్న ఓదార్పుతో ఏడాది గడపవద్దు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద నడిచే జిల్లా సత్వర జోక్య కేంద్రాలలో పరీక్ష ఉచితంగా చేస్తారు. ఆటిజమున్న పిల్లలకు కూడా ఈ ఆటను మెల్లమెల్లగా నేర్పవచ్చును. వారికి ఇష్టమైన ఆ చక్రం దగ్గరనే మొదలుపెట్టి, దానిని బస్సు చక్రం చేసి, బస్సులో ఒక బొమ్మను ఎక్కించి, అలా.

ఎన్నేళ్ళ వరకు ఆడతారని అడుగుతారు. ఆరు, ఏడేళ్ళకు తొక్కుడుబిళ్ళ, దాగుడుమూతలు, క్రికెట్టు వచ్చి దీనిని ప్రక్కకు తోస్తాయి. కొందరు మరి కొంతకాలం తలుపు వేసుకొని ఒంటరిగా ఆడతారు, మనం వెళితే చటుక్కున ఆపి పుస్తకం తీస్తారు. అప్పుడు ఏమీ చూడనట్లు వెనుకకు వచ్చేయండి.